సూర్యుడి గురించి కోసేసిన మూడు పేరాలు

పత్రికల్లో సైన్సు రాసే పనికి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ రోజుల్లో ఎలా రాసేవారు మేడమ్?" అని అడుగుతారు. నేను మాటకారిని కాను. ఎదురుగా మనిషి కూర్చుంటే చెప్పాల్సింది సగం మింగేస్తాను. అందుకని పాత డైరీలు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు సన్మానం చేశారు అన్నవి ఇందులో ఉండవు. ఉన్నది ముఖ్యంగా ఒక తప్పు. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. నాకు పని వచ్చింది మాత్రం ఆ తప్పు తర్వాతే.

పేరు లేని పేజీ

డెబ్బైల మధ్యలో బీయస్సీ ఫిజిక్సు పూర్తి చేసి, విజయవాడ గాంధీనగర్‌లో ఒక వారపత్రికలో చేరాను. మా ఇల్లు గుణదలలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ప్రూఫులు దిద్ది, చీకటి పడకముందే ఇల్లు చేరేదాన్ని. ఆఫీసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఎడిటరు రామనాథం గారితో మాట్లాడాలంటే నాకు మహా జంకు. ఏదైనా అడగాలంటే చిన్న చీటీ రాసి, ఆయన లేనప్పుడు బల్ల మీది పేపర్‌వెయిట్ కింద పెట్టేదాన్ని. ఆయన దాని వెనకే జవాబు రాసి నా బల్ల మీద పడేసేవారు. అలా ఏడాది గడిచింది.

ఒకసారి చీటీలో, ఫలానా ఇంగ్లీషు పత్రికలో నక్షత్రాల గురించి మంచి వ్యాసం వచ్చింది, తెలుగులో రాయనా అని అడిగాను. "రాయి. ఇంటరు తప్పినవాడికి అర్థం కావాలి" అని జవాబు. అలా మొదలైంది వారానికి ఒక పేజీ. పేరు "విశ్వంలో వింతలు". కింద నా పేరు వేయలేదు. నక్షత్రాల సంగతి ఇరవై రెండేళ్ళ అమ్మాయి చెబితే ఎవరు నమ్ముతారని ఆయన అభిప్రాయం. "నభోమిత్ర" అని పెట్టారు. ఆ పేరుకి జనం గడ్డం, కళ్ళజోడు వాళ్ళే తగిలించుకున్నారు. "పూజ్యులు నభోమిత్ర గారికి" అని కార్డులు వచ్చేవి.

ఆ కార్డుల్లో ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆకాశానికి అవతల ఏముంది? అన్నిటికన్నా ముందు ఏముండేది? వెలుతురుని కూడా మింగేసే నల్లటి బిలం నిజంగా ఉందా, కాగితం మీది లెక్కేనా? నక్షత్ర మండలాల అంచున ఉన్న చుక్కలు ఉండాల్సినదాని కన్నా వేగంగా ఎందుకు తిరుగుతున్నాయి, వాటిని పట్టి ఉంచుతున్నది ఏమిటి? పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తల పట్టుకుంటున్న ప్రశ్నలే ఇవన్నీ. మా ఎడిటరు గారిది ఒకటే నియమం: 'తెలియదు' అన్న మాట అచ్చులో కనపడకూడదు.

"తెలియని సంగతి కొనుక్కుని చదవడానికి పాఠకుడికేం పట్టింది? వాడికి ఇంట్లోనే బోలెడు ఉంది" అనేవారు.

అందుకని నేను తెలిసినంత వరకు గట్టిగా రాసి, తెలియనిదాన్ని చివరి పేరాలో మెల్లగా దాచిపెట్టేదాన్ని. తెలివైన పనే చేస్తున్నాననుకున్నాను.

తోక

ఆ రోజుల్లో అచ్చు అంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చడమే. కూర్చిన మేటరును పేజీలో అమర్చకముందు పొడుగాటి కాగితం మీద ఒక ముద్ర తీస్తారు. దాన్ని గ్యాలీ అంటాం. అది చూసి తప్పులు దిద్దాక పేజీ కడతారు. ఆఖరి నిమిషంలో ప్రకటన వస్తే మేటరు మిగిలిపోతుంది. అప్పుడు కింది నుంచి కోస్తారు. వార్తలో ముఖ్యమైనది పైన ఉంటుంది, కాబట్టి తోక పోయినా ప్రాణం పోదు. అందరం అలాగే చేసేవాళ్ళం. ఎక్కడ కోయాలని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ వారం నేను రాసింది సూర్యుడి గురించి. సంగతి క్లుప్తంగా ఇది. సూర్యుడి నడిమధ్యలో జరిగే మంట నుంచి న్యూట్రినోలనే అతి సూక్ష్మమైన కణాలు పుడతాయి. అవి దేనికీ తగలకుండా దూసుకొచ్చి ఎనిమిది నిమిషాలు దాటగానే మనల్ని చేరతాయి. అమెరికాలో ఒక పాత బంగారు గని అడుగున, డ్రైక్లీనింగులో వాడే రసాయనంతో నింపిన పెద్ద తొట్టి పెట్టి వాటిని పట్టడానికి ప్రయత్నించారు. లెక్క ప్రకారం పడాల్సినవాటిలో మూడో వంతే పడ్డాయి. మిగతావి ఏమైనట్టు?

దీనికి అప్పట్లో ఒక ఊహ ఉండేది. సూర్యుడి నడుమ మంట ప్రస్తుతానికి మందగించిందేమో అని. అక్కడ పుట్టిన వెలుగు పైకి రావడానికి వేల వేల ఏళ్ళు పడుతుంది. కనక లోపల మంట తగ్గినా ఇవాళ మనకు ఎండ తగ్గదు. కణాలు మాత్రం వెంటనే వస్తాయి కాబట్టి కబురు ముందుగా చెబుతాయి. చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. అదే ముందు పెట్టి, ఉత్సాహంగా రాశాను. తర్వాత మూడు పేరాలు. మొదటిది, తొట్టి సరిగ్గా పనిచేయకపోవచ్చు, సూర్యుడి మీద మన లెక్కలోనే తేడా ఉండొచ్చు అని. రెండోది, ఆ కణాలు దారిలో మరో రకంగా మారిపోతున్నాయేమో, తొట్టి ఒక రకాన్నే పట్టగలదు అని. మూడోది, ఏది నిజమో ఇంకా ఎవరికీ తెలియదు, సూర్యుడికి ఏమీ కాలేదనే ఎక్కువమంది నమ్మకం అని.

పేజీ కట్టే రోజు మధ్యాహ్నం ఎరువుల ప్రకటన ఒకటి వచ్చింది. ఫోర్‌మన్ మస్తాన్ గారు గ్యాలీ పట్టుకుని వచ్చారు.

"అమ్మా, పదహారు లైన్లు ఎక్కువయ్యాయి. ఎక్కడ కొట్టమంటారు?"

అలవాటుగా కింది మూడు పేరాలకు అడ్డంగా గీత గీశాను. అరనిమిషం కూడా పట్టలేదు. శీర్షిక రామనాథం గారు పెట్టారు: "సూర్యుడు లోలోపల ఆరిపోతున్నాడు!" చివర ఆశ్చర్యార్థకం కూడా ఆయనదే.

ఉత్తరం

తర్వాతి గురువారం ఒక ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. రాసింది ఏసురత్నం అనే సైన్సు మాస్టారు. కంకిపాడు దాటాక కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్ళో, కమిటీ నడిపే బడిలో ఆ ఏడే చేరారట. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక మా పేజీని పిల్లలకు చదివి వినిపించడం ఆయన పెట్టుకున్న అలవాటు. ఆ సోమవారం సూర్యుడి సంగతి చదివారు. పిల్లలు ఇళ్ళకు పోయి సూర్యుడు ఆరిపోతున్నాడని చెప్పారు. కొందరు చిన్నపిల్లలు ఏడ్చారు. పెద్దవాళ్ళకు వేరే అనుమానం వచ్చింది. మాస్టారు క్రైస్తవుడు. లోకాంతం వస్తోందని బళ్ళో ప్రచారం చేస్తున్నాడని అన్నారు.

"శనివారం కమిటీ కూర్చుంటుంది. నన్ను తీసేస్తారని వినికిడి. నేను మీ పత్రికలో ఉన్నది ఉన్నట్టు చదివానే గాని ఒక్క ముక్క కలపలేదు. ఇది సైన్సేనని, ఎక్కడి నుంచి వచ్చిందో మీరు రెండు ముక్కలు రాసి పంపితే నా ఉద్యోగం నిలబడుతుంది" అని రాశారు.

ఆ రాత్రి డైరీలో ఒకే వాక్యం ఉంది: "ఆయన కలపలేదు, నేను తీసేశాను."

మర్నాడు చీటీ రాశాను, వచ్చే సంచికలో సవరణ వేద్దామని. రామనాథం గారు జవాబు రాయలేదు. పిలిచారు.

"అమ్మాయ్, మనం తప్పు రాశామా?"

"రాయలేదండి. కోశాం."

"కోయడం తప్పెలా అవుద్ది? వారం వారం కోస్తూనే ఉన్నాం. ఒక్కసారి సవరణ వేశామంటే, రేపట్నించి ప్రతివాడూ కార్డు రాస్తాడు. ఆ మాస్టారికి ఉత్తరం ముక్క రాసి పడెయ్. సంతకం నభోమిత్ర అని పెట్టు."

శుక్రవారం పోస్టు చేసిన ఉత్తరం శనివారం పొద్దుటికి ఆ ఊరు చేరుతుందన్న నమ్మకం లేదు. చేరినా, మనిషి లేని పేరుతో చేసిన సంతకం ఎవరిని కాపాడుతుంది? కిందికి దిగి మస్తాన్ గారిని గ్యాలీ కాగితం అడిగాను.

"కాగితం ఏం ఖర్మ, మేటరే ఉంది. తాడు కట్టి పక్కన పెట్టా. ఎక్కడన్నా ఖాళీ పడితే పనికొస్తదని" అన్నారాయన. "ఏం, మళ్ళీ అతికిస్తారా ఏంటి?"

"అతికించాలండి."

"కోసేటప్పుడు చేతికి తెలీదు గాని, అతికించేటప్పుడే ఉంటది తంటా" అని నవ్వి, కాగితం మడిచి ఇచ్చారు.

కమిటీ

శనివారం సెలవు పెట్టి కంకిపాడు బస్సెక్కాను. అక్కడ మారి, మిగతా దూరం రిక్షాలో. బడి వరండాలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల. మాస్టారు స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని. పత్రిక నుంచి వచ్చానని చెబితే ఆయన మొహం వెలిగింది. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశారు.

కమిటీ ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు. వరి రైతు, మాటలో పెద్దరికం.

"నభోమిత్ర గారు రాలేదామ్మా?"

"నేనేనండి."

చివరి కుర్చీలో కూర్చున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆయన పేరు నాగన్న. ఏటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబాల పిల్లలు ఆ బళ్ళో చాలామంది ఉన్నారు కనక వాళ్ళ తరఫున కమిటీలో ఉన్నాడట.

"నేనింకా మా మావగారి వయసుంటదనుకున్నా" అన్నాడు.

"ఏ ఊరమ్మా మీది?" అని ప్రెసిడెంటు గారు అడిగారు.

"గుణదలండి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుణదల అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కొండ మీది మేరీమాత గుడి. ఆ చూపు అర్థం కాకపోవడానికి నేనేమీ పసిపిల్లను కాను. మాస్టారికి సాయం చేద్దామని వచ్చి, నా ఊరి పేరుతో పని ఇంకా చెడగొట్టానా అనిపించింది. చీటీ రాసి పెట్టడానికి అక్కడ పేపర్‌వెయిట్ లేదు. గ్యాలీ విప్పి, కోసేసిన మూడు పేరాలు చదివాను. రెండోసారి గట్టిగా చదవమన్నారు. చదివాను.

"ఇది మా దగ్గర రాసిందే. చోటు చాలక నేనే కొట్టేశానండి. మాస్టారి తప్పు ఇందులో ఏమీ లేదు."

ప్రెసిడెంటు గారు కాగితం అందుకుని సీసపు అక్షరాల ముద్ర మీద వేలు ఆనించి చూసి తిరిగి ఇచ్చారు.

"సరేనమ్మా. ఇదంతా వద్దు. పిల్లలు జడుసుకున్నారు. ఒక్క మాట చెప్పు. సూర్యుడు ఆరలేదు, ఆరడు అని నువ్వు గ్యారంటీ ఇస్తావా? ఇస్తే ఈ గొడవ ఇంతటితో సరి."

మాస్టారు నా వైపు చూశారు. ఒక్క మాట అంటే ఆయన ఉద్యోగం నిలిచిపోతుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు, దాదాపుగా. ఆ 'దాదాపు'ను కోసేసే కదా నేను ఇంతదూరం రావలసి వచ్చింది.

"ఆరలేదనే ఎక్కువమంది అంటున్నారండి. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ గ్యారంటీగా నాకు తెలియదండి. ఇంకా ఎవరికీ తెలియదు."

"పత్రికవాళ్ళు తెలీదనడం నా జన్మలో వినలా" అన్నాడు నాగన్న. తర్వాత ముందుకు వంగి, "ఆ రెండో ముక్క ఇంకోసారి చదవమ్మా. దార్లో మారిపోతయ్యన్నావే" అన్నాడు.

చదివాను.

"అది బావుంది. మా వలకీ అంతే. కన్నుకి తగిందే పడుద్ది. వల్లో పడలేదని ఏట్లో చేపే లేదంటే ఎట్టా? మిగతా రెండొంతులూ పక్క నుంచి పోతన్నయ్యేమో."

"నువ్వు ఊరుకో నాగన్నా, నీకు సూర్యుడైనా చేపే" అన్నారు ప్రెసిడెంటు గారు. కానీ ఆయన కూడా నవ్వారు. కాసేపు తమలో తాము మాట్లాడుకుని తీర్పు చెప్పారు. ఈ మూడు పేరాలు వచ్చే వారం అదే పేజీలో, అదే చోట అచ్చు కావాలి. ఆ సోమవారం మాస్టారు వాటిని ప్రార్థనలో చదవాలి. అలా అయితే ఉంటారు. లేకపోతే లేదు.

రిక్షా దాకా మాస్టారు నాతో నడిచారు.

"మీరు 'ఆరలేదు' అనేస్తే సరిపోయేది కదండీ" అన్నారు చివరికి. కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు నా ఉద్యోగం మీ ఎడిటరు గారి చేతిలోకి పోయింది."

ఎడిటరు గారిని అడుగుతానని చెప్పి రిక్షా ఎక్కాను.

పదహారు లైన్లు

సోమవారం చీటీ రాయలేదు. రామనాథం గారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన తలెత్తి, నేను నోరు తెరవడం చూసి పెన్ను కింద పెట్టారు. జరిగినదంతా చెప్పాను.

"నేను పంపానా నిన్ను అక్కడికి?"

"లేదండి."

"వెయ్యనంటే ఏం చేస్తావ్?"

"ఇంకెప్పుడూ ఆ పేజీ రాయనండి. రాయలేను."

ఆయన కింద పెట్టిన పెన్ను మళ్ళీ తీశారు.

"ఎంత జాగా?"

"పదహారు లైన్లండి."

"శీర్షిక?"

"'కిందటిసారి చోటు చాలక ఆగిన భాగం' అనండి."

"అందులో 'తప్పు' అనే మాట ఉందా?"

"లేదండి."

"'తెలియదు' ఉందా?"

"చివరి వాక్యంలో ఉందండి."

"సరే, వెయ్యి. జాగా లేదంటాడు మస్తాన్. నా సంపాదకీయం తోక కొయ్యమను. దాంట్లో కింద ఎప్పుడూ ఏమీ ఉండదు."

రామనాథం గారి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 'తెలియదు' అనే మాట విషయంలో ఆయనది పూర్తిగా పొరపాటు. సైన్సు పేజీని సంచలనం చేయాలనుకోవడం కూడా పొరపాటే. ఆ శీర్షికలో నా భాగం లేదని నేనంటే మాత్రం అది అబద్ధం. శీర్షికకు తగినట్టుగా మిగిలింది నేను కోసిన వ్యాసమే. సంపాదకీయం తోక కోయించిన మరో ఎడిటరును మాత్రం నా ఉద్యోగంలో చూడలేదు. ఆ వారం నుంచి పేజీ కింద 'సుశీల' అని నా పేరే వేయమన్నారు. కారణం చెప్పలేదు. పూజ్యులు అని కార్డులు రావడం ఆగిపోయింది.

మాస్టారు ఉన్నారు. పదిహేను రోజుల తర్వాత ఒక కార్డు రాశారు, రెండు ముక్కలు: చదివాను, ఉంచారు.

నేర్చుకున్నది

విశ్వం గురించి రాసేటప్పుడు ముఖ్యమైనది పైన ఉండదు. పైన ఉండేది ఆకర్షణ. అసలు సంగతి, అంటే ఎంతవరకు తెలుసు, ఎక్కడి నుంచి తెలియదు అన్నది, మనం సిగ్గుపడి కిందికి తోస్తాం. కోసేవాడి కత్తి కింది నుంచే వస్తుంది. అందుకని ఆ తర్వాత నేను 'తెలియదు' అనే మాటను రెండో పేరాలోనే పెట్టడం మొదలుపెట్టాను. ఎంత కోసినా అక్కడి దాకా రారు. కోయక తప్పకపోతే వర్ణన కోయండి, పోలిక కోయండి, బొమ్మ చిన్నది చేయండి.

రెండోది. మీరు రాసింది ఎక్కడో ఒకరు నిలబడి పదిమందికి చదివి వినిపిస్తారు. ప్రశ్నలు ఆయన్ని అడుగుతారు, మిమ్మల్ని కాదు. అప్పుడు ఆయన చేతిలో మీరు ఇచ్చిన కాగితం తప్ప ఇంకేమీ ఉండదు.

జవాబు

కొత్త శతాబ్దం మొదట్లో, నేను ఒక దినపత్రికలో సైన్సు విభాగం చూస్తుండగా, ఆ కబురు వచ్చింది. వేరే దేశంలో, వేరే గని అడుగున, అన్ని రకాల న్యూట్రినోలనూ చూడగలిగే మరో తొట్టి పెట్టారు. మొత్తం లెక్క సరిపోయింది. సూర్యుడికి ఏమీ కాలేదు. పాత తొట్టి కూడా తన పని సరిగ్గానే చేసింది. కణాలు దారిలో రకం మారుతున్నాయి. పాత తొట్టి ఒక రకాన్నే పట్టగలదు.

ఇంటికి వెళ్ళి పాత డైరీలో అంటించిన గ్యాలీ తీశాను. పసుపు పచ్చగా మారింది. జవాబు రెండో పేరాలో ఉంది. దాని మీదుగా నా సిరా గీత ఉంది.

వ్యాసం నేనే రాశాను. చివర ఒక పేరా పెట్టాను. రకం మారుతున్నాయంటే ఈ కణాలకు ఎంతో కొంత బరువు ఉన్నట్టే, ఆ బరువు ఎంతో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు అని. అదే రెండో పేరాలోనూ ఉంది. అయినా చివర మళ్ళీ పెట్టాను. పేజీ చూసే కుర్రాడు వచ్చి, "మేడమ్, ఆరు లైన్లు ఎక్కువ. చివరి పేరా రిపీటే కదా, తీసేద్దామా?" అన్నాడు. సూర్యుడి బొమ్మ తగ్గించమన్నాను.

వారం తర్వాత ఆఫీసుకు ఒక పోస్టుకార్డు వచ్చింది. ఏసురత్నం మాస్టారు. రిటైరై కంకిపాడులోనే ఉంటున్నారట. నాగన్న పోయి చాలా ఏళ్ళయిందని, ఉంటే ఈ వార్త చూసి మా అందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పుకునేవాడని రాశారు. దస్తూరీ కొద్దిగా వణికింది గాని, వాక్యాలు అప్పటిలాగే పొట్టివి. కింద ఇలా ఉంది:

"పేపరు తీయగానే ముందు చివరి పేరా ఉందో లేదో చూశానండి. ఉంది. తర్వాత మొదటి నుంచి చదివాను."